మా మిషన్‌ని ఫెయిల్ చేసిన సుభద్ర మేడమ్ గారు

ధవళేశ్వరం విద్యుత్ పరికరాల పరీక్షా కేంద్రాన్ని స్థాపించిన విదుషీమణి, పాలిటెక్నిక్‌లో మాబోటి మొద్దులెందరికో చదువు చెప్పిన ఆచార్యురాలు, సుభద్ర మేడమ్ గారు ఇక లేరు. ఈ దుర్వార్త నన్ను చేరేసరికి నేను రాజమండ్రిలో మా షెడ్డులో నిలబడి, మోటారుకు తీగ సరిగ్గా చుట్టలేదని పనివాళ్ళ మీద కేకలేస్తున్నాను. ఫోను మోగింది. మేడమ్ గారి శిష్యురాలు, ల్యాబ్‌లో ఆవిడకు కుడిభుజం, లావణ్య. ఆ పిల్ల నాకు ఫోను చేసిందంటే మా మిషన్‌లో ఏదో తప్పు పట్టిందనే అర్థం. "ఏంటమ్మా, మళ్ళీ ఏం దొరికింది?" అని అలవాటు ప్రకారం కసిరాను. "మేడమ్ గారు వెళ్ళిపోయారండి" అంది.

నాకు కోపం వచ్చింది. దుఃఖం కంటే ముందు కోపమే వస్తుంది నాకు. మా వంశంలో అందరికీ అదే జాడ్యం. చెప్పా పెట్టకుండా ఎలా వెళ్ళిపోతారండీ? ముందురోజు సాయంత్రం ఆస్పత్రి మంచం మీద కూర్చుని నాతో గంటసేపు దెబ్బలాడిన మనిషి! షెడ్డులో మిషన్లన్నీ ఆపించేసి బయటకొచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాను. మా పనివాళ్ళు నేను ఏడవగా చూడటం అదే మొదటిసారి. వాళ్ళలో ఒకాయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

నా పేరు వెంకటరత్నం. రాత నా వృత్తి కాదు. ఇంటింటా కొబ్బరి కోరుకునే చిన్న మిక్సీలు తయారుచేసి అమ్ముకుంటాను. కోనసీమలో పొద్దున లేస్తే పచ్చడికీ కూరకీ కొబ్బరి కావాలి గనుక మా కుటుంబానికి అన్నం దొరుకుతోంది. ఆవిడ గురించి పండితులు రాయాలి నిజానికి. కానీ ఆవిడ చేతిలో నా అంతగా ఓడిపోయిన వాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు. ఆ అధికారంతో రాస్తున్నాను.

మేడమ్ గారి విద్య ఏమిటో తెలియని వారికోసం రెండు మాటలు. ప్రతి విద్యుత్ యంత్రమూ తన పని తాను చేసుకుంటూనే, కంటికి కనపడని ఒక అలజడిని తీగల్లోకీ గాలిలోకీ వదులుతుంది. మిక్సీ తిరుగుతుంటే రేడియో గరగరలాడటం మనందరం విన్నదే. ఆ అలజడి హద్దు మీరితే పక్కనున్న యంత్రం దారి తప్పుతుంది. అలాగే పక్కవాటి అలజడిని తట్టుకుని నిలబడే ఓర్పు కూడా ప్రతి యంత్రానికీ ఉండాలి. ఈ రెండింటినీ కొలిచి తేల్చే పరీక్షకు విద్యుదయస్కాంత సామరస్య పరీక్ష అని పెద్ద పేరుంది. ఆవిడ ఆ పేరు చెప్పి ఎవరినీ బెదరగొట్టేవారు కాదు. "ఒక ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ ఉమ్మడి కాపరమే. కొత్తగా వచ్చింది ఆ ఇంట్లో ఇమడగలదా లేదా, అది చూడటమే మన పని" అనేవారు.

ఇంత మాత్రానికి ఒక జీవితం ధారపోయాలా అని అడిగేవాళ్ళున్నారు. నేనూ అడిగాను. అప్పుడావిడ తమ వీధిలో జరిగిన సంగతి చెప్పారు. ఎదురింటి పెద్దాయనకు చెవి మిషన్ ఉండేది. రోజూ పొద్దున్నే ఆయన చెవిలో తుమ్మెదల రొద వస్తోందని గోల పెట్టేవారు. డాక్టరు చెవి మిషన్ బాగానే ఉందన్నాడు. కొడుకూ కోడలూ పెద్దాయనకు మతి చలించిందనుకున్నారు. చివరికి ఆయన కూడా అదే నమ్మి, మాటాడటం మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. మేడమ్ గారు తమ చేతిసంచిలో ఎప్పుడూ ఉండే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో తీసుకుని ఆ ఇంట్లో గది గదీ తిరిగారు. దేవుడి గదిలోకి వెళ్ళేసరికి రేడియో బుస్సుమంది. పటాల చుట్టూ వేసిన రంగురంగుల లైట్ల దండ! దాని చవక అడాప్టర్ వదిలే అలజడి ఆయన చెవిలో దూరుతోంది. కోడలు పూజకు కూర్చున్నప్పుడల్లా మామగారికి తుమ్మెదలు! ఆ దండ తీసేశారు. రొద ఆగింది. పెద్దాయన మేడమ్ గారి రెండు చేతులూ పట్టుకుని, "నాకు పిచ్చి లేదనేగా తల్లీ?" అని అడిగారట. ఆ మాట విన్నాకే ఉద్యోగ విరమణ డబ్బుతో ల్యాబ్ పెట్టాలని నిశ్చయించుకున్నానని ఆవిడ నాతో చెప్పారు.

ధవళేశ్వరంలో కాలవగట్టు పక్కన పాత బియ్యం గొడౌను ఒకటి అద్దెకు తీసుకున్నారు. లోపల రేకులతో ఒక గది కట్టించారు, బయటి అలజడి లోపలికి రాకుండా. ఆ గదిలోకి వెళితే సెల్‌ఫోను మూగబోతుంది. "నా జీవితంలో నాకు ప్రశాంతత దొరికే చోటు ఇదొక్కటేనయ్యా" అనేవారు. గొడౌను వాసన మాత్రం పోలేదు. వానాకాలం వస్తే ఆ ల్యాబ్‌లో ఉప్పుడు బియ్యం వాసన వేస్తుంది ఇప్పటికీ.

విద్యార్థిగా నన్ను ఆవిడ తన సబ్జెక్టులో నిర్దాక్షిణ్యంగా ఫెయిల్ చేశారు. మా నాన్నగారు ఊళ్ళో పలుకుబడి ఉన్న వర్తకులు. ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్ళి, "అమ్మా, ఒక్క సబ్జెక్టండి, పిల్లాడి పెళ్ళి కుదిరేలా ఉందండి" అన్నారు. ఆవిడ కాఫీ ఇచ్చి మర్యాద చేసి, "పెళ్ళి చేసెయ్యండి బాబుగారూ. సబ్జెక్టు మాత్రం మళ్ళీ రాయమనండి" అన్నారట. రాశాను. పాసయ్యాను. పెళ్ళి సంబంధం మాత్రం తప్పిపోయింది, అది వేరే సంగతి.

ల్యాబ్ పెట్టాక కూడా ఆవిడ తీరు మారలేదు. ఎక్కడినుంచో బల్బులు తెప్పించి తన పేరు వేసుకుని అమ్మే ఒక వ్యాపారి, పరీక్ష ఫలితం చెప్పేరోజున ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మేడమ్ గారు పెట్టె విప్పి, రెండు రేకులు తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "మీ బల్బు ఫెయిలండి" అన్నారు. ఆయన మొహం మాడిపోయింది. "మరి పూతరేకులు తిన్నారు కదండీ!" అని నోరు జారాడు. "బావున్నాయండి. తీపి నాలిక్కి, కొలత మీటర్‌కి" అన్నారు ఆవిడ. ఆ వ్యాపారి ఇప్పుడు మంచి బల్బులు అమ్ముతున్నాడు. ఆవిడ పెద్దకర్మకు వచ్చి అందరికంటే చివర వెళ్ళింది ఆయనే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆవిడ జీవితంలోని ఘనవిజయం అది. దానికి కారణం మా ఇంటి మూఢభక్తి కావడం నాకు గర్వమో సిగ్గో నేటికీ తేలలేదు.

దేశమంతటా పెద్ద దుకాణాలున్న ఒక సంస్థవాళ్ళు మా కొబ్బరి మిక్సీ చూసి ముచ్చటపడ్డారు. కానీ తమకు నమ్మకమైన మహానగరం ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించాలన్నారు. మాకేం భయం? అప్పటికే ధవళేశ్వరంలో మేడమ్ గారు మా మిక్సీని మూడు వారాలు ఏడిపించి, మోటారు దగ్గర పెట్టే ఫిల్టర్‌ను నా చేత మార్పించి, చివరికి పాస్ చేశారు. ఆ ధైర్యంతో ఇంకో మిక్సీ మహానగరానికి పంపాను. ఫెయిల్ అని వచ్చింది. అదీ అలా ఇలా కాదు, హద్దుకు ఎంతో ఎత్తున ఫెయిల్.

రాజమండ్రి మార్కెట్‌లో మాట పుట్టడానికి ఎంతసేపు? "శిష్యుడి మిషన్ కదండీ, కళ్ళు మూసుకుని పాస్ చేసేసి ఉంటారావిడ" అన్నారు. "పల్లెటూరి ల్యాబ్ పల్లెటూరి ల్యాబే" అన్నారు. పూతరేకులు తినేసి ఫెయిల్ చేసిన మనిషిని అన్నారండీ ఈ మాట! నాకు ఒళ్ళు మండిపోయింది. దుకాణాల వెంట తిరిగి ముగ్గురితో దెబ్బలాడి, నాలుగోవాడితో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళి, ఆఖరికి ల్యాబ్‌కొచ్చి ఆవిడ ముందు చిందులేశాను. "ఆ సిటీవాళ్ళకి కొలవడం రాదండి! మీరొక్క మాట అనండి, నేను పోయి వాళ్ళ సంగతి తేల్చి వస్తాను!"

ఆవిడ మెల్లగా కళ్ళజోడు తుడుచుకున్నారు. "కూర్చో రత్నం. వాళ్ళకి కొలవడం వచ్చో రాదో నాకు తెలీదు. నాకు వచ్చో రాదో ముందు చూసుకోవాలి. ల్యాబ్‌కి ఆస్తి ఏముందయ్యా? ఈ మీటర్లా? ఇవి పోతే ఇంకోటి కొంటాం. ఈ ల్యాబ్ చెప్పిందంటే నిజమే అని జనం అనుకోవాలి. ఆ నమ్మకం పోయిందా, తాళం వేసుకుని ఇంటికెళ్ళి ముగ్గులేసుకోవడమే. ఆ ఫెయిలైన మిషన్ తెప్పించు" అన్నారు.

తెప్పించాను. లావణ్యను పక్కన పెట్టుకుని రేకుల గదిలో కొలిచారు. నేను బయట గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. బయటికొచ్చి, "వాళ్ళదే రైటు. ఈ మిషన్ ఫెయిలే" అన్నారు. "అంటే మనం తప్పాండీ?" అన్నాను. ఆవిడ మొహంలో దిగులు వెతికాను. లేదు. పైగా ఉత్సాహం! "పాతది కూడా మళ్ళీ కొలిచానయ్యా. అది పాసే. ఇద్దరిదీ రైటే. మరి కవలపిల్లల్లో ఒకడు బుద్ధిమంతుడు, ఒకడు అల్లరివాడు ఎందుకయ్యారో తేల్చాలి. ఊళ్ళో వద్దు, ఇక్కడ గాలి నిండా రొదే. రేపు పొద్దున గోదారి లంకకి పోదాం" అన్నారు.

ఆవిడకు అదొక అలవాటు. తప్పు ఎక్కడుందో చెవితో వినాలనుకుంటే ఆనకట్టకు ఎగువన గోదారి మధ్యనున్న లంకకు వెళ్ళేవారు. అక్కడ అరటితోటలూ కూరపాదులూ తప్ప కరెంటు స్తంభం లేదు. రేడియో వింటే నిశ్శబ్దం వినపడుతుంది అనేవారు. జనరేటర్‌ను దూరంగా తోట చివర పెట్టించి, దాని రొదను వడకట్టే పెట్టె ఒకటి మధ్యలో తగిలించి, ఇసకలో కోళ్ళ గూళ్ళకు వాడే ఇనప వల పరిచి, దాని మీద మిషన్ పెట్టించేవారు. అధికారికమైన కొలతలు ల్యాబ్‌లోనే. లంక మాత్రం రోగం కనిపెట్టే చోటు.

తెల్లారి రేవుకు వెళ్ళేసరికి మా అమ్మ పడవలో కూర్చుని ఉంది, ఒళ్ళో పులిహోర గిన్నెతో. ఫెయిలైన మిక్సీకి దిష్టి తగిలిందని అమ్మ నమ్మకం. అది గోదారి దాటుతుంటే తను వెంట లేకపోతే ఎలా అంటుంది. మా పెయింటర్ సత్తిబాబును కూడా మిషన్లు మొయ్యడానికి తీసుకొచ్చింది. నడి గోదాట్లో పసుపు కుంకుమ వదిలి దణ్ణం పెట్టి, "తల్లీ, నా కొడుకు పరువు నీలో కలపకు" అని మొక్కింది. మేడమ్ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

లంకలో రెండు మిక్సీలనూ పక్కపక్కన పెట్టారు. లావణ్య ఒకదాన్ని తిప్పింది. మేడమ్ గారు స్టేషను లేనిచోట రేడియో ముల్లు పెట్టి దగ్గర పెట్టారు. సన్నటి సొద, అంతే. రెండోదాన్ని తిప్పింది. గరగరమని చెవులు చిల్లులు పడ్డాయి. ఆవిడ తొందరపడలేదు. మొదటి మిక్సీ మోటారు తీసి రెండోదానికి పెట్టించారు. గరగర ఉంది. ఫిల్టర్ మార్పించారు. గరగర ఉంది. తీగలు మార్పించారు. ఉంది. ఎండ ఎక్కింది. నాకు ఓపిక నశించి ఆ మిక్సీని గోదాట్లోకి విసిరేస్తానని లేచాను. "కూర్చోరా!" అని మా అమ్మా, "కూర్చోవయ్యా!" అని మేడమ్ గారూ ఒకేసారి అరిచారు. కూర్చున్నాను.

చివరికి రెండింటి అడుగురేకులూ తారుమారు చేయించారు. ఫిల్టర్ బిగించేది ఆ రేకుకే. మార్చగానే అల్లరివాడు బుద్ధిమంతుడయ్యాడు, బుద్ధిమంతుడు గరగరమన్నాడు! మేడమ్ గారు ఫెయిలైన మిక్సీ రేకును ఎండలోకి పట్టుకుని ఇటూ అటూ తిప్పారు. అద్దంలా మెరుస్తోంది, లోపలా బయటా.

"సత్తిబాబూ, ఈ రేక్కి లోపలి పక్క కూడా రంగు వేశావా?" అన్నారు.

"ఆయ్, వేశానండి!" అన్నాడు సత్తిబాబు, తనను మెచ్చుకుంటున్నారనుకుని. "మిషన్ బిగించకముందే విడివిడిగా అన్నిటికీ వేశానండి. స్క్రూ కన్నాల్లోకి కూడా దిగేలా వేశానండి. మామూలుగా అయితే లోపల వెయ్యనండి. పొరుగూరు వెళ్ళే మిషన్ కదండీ, పెద్దమ్మగారు అడుగు కూడా మెరిసిపోవాలన్నారండి."

మేడమ్ గారు మా అమ్మవైపు చూశారు. అమ్మ ఏమాత్రం తగ్గలేదు. "అనరా మరి? ఇంట గెలిచాం, రచ్చ గెలవొద్దూ? ఊరు దాటి వెళ్ళే మొదటి సరుకుని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి, హారతిచ్చి పంపడం మా మామగారి నాటినుంచీ ఉన్నదే. పెళ్ళికూతురి పాదాలకి పసుపు రాయకుండా పంపుతావా ఏంటమ్మా నువ్వయితే?" అంది.

మేడమ్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఇసకలో చతికిలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వారు. నవ్వు ఆగాక మా అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు: "పిన్నిగారూ, ఫిల్టర్ పట్టుకున్న అలజడిని ఈ రేకులోకి వదలాలండి. ఇనుమూ ఇనుమూ ఒకదాన్నొకటి తాకితేనే దిగుతుంది. మీ రంగు మధ్యలో అడ్డం పడింది. షాక్ కొట్టకుండా వేసే ఎర్త్ తీగ వేరేచోట బాగానే ఉంది కాబట్టి మామూలు పరీక్షల్లో ఎవరికీ అనుమానం రాలేదు. నేలని తాకేచోట అలంకారం పనికిరాదండి."

తోట రైతు దగ్గర బొండాలు కొట్టే కత్తి తీసుకుని ఫిల్టర్ కూర్చునే చోట ఆవిడే స్వయంగా రంగు గీకారు. సత్తిబాబు తన ఒంటి మీద గీకినట్టు మొహం పెట్టాడు. మళ్ళీ బిగించారు. రేడియోను ఈసారి స్టేషను మీద పెట్టారు. లావణ్య మిక్సీ తిప్పింది. అది కొబ్బరి కోరుతూనే ఉంది, దాని పక్కనే రేడియోలో ఎవరో పెద్దమనిషి నారుమడికి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీసెయ్యాలో అక్షరం అక్షరం వినపడేలా చెబుతున్నాడు. నేను ఎగిరి గంతేశాను. మా అమ్మ గోదారికి దణ్ణం పెట్టింది. వరినారు గురించి అంత ఆనందంగా విన్నవాళ్ళు ఈ డెల్టాలో మేమే అయ్యుంటాం. కోరిన కొబ్బరి పులిహోరలో కలుపుకుని తిన్నాం.

ఇంకొకరైతే అక్కడితో సంబరం చేసుకుని ఊరుకుందురు. మేడమ్ గారు ఆ మధ్యాహ్నమే మహానగరం ల్యాబ్‌కు ఫోను చేసి, "మీరు కొలిచింది నిజమండి, మేం కొలిచిందీ నిజమండి. మధ్యలో మిషన్ ముస్తాబయ్యింది" అని జరిగిందంతా చెప్పారు. ఆ ల్యాబ్ పెద్ద ఇంజనీరుకు నమ్మకం కుదరలేదు. స్వయంగా రైలెక్కి వచ్చాడు. ఆయన ఎదుటే రేకుల గదిలో రంగున్న రేకుతో ఒకసారి, గీకిన రేకుతో ఒకసారి కొలిచి చూపించారు. ఫలితాలు ఆయన ల్యాబ్ ఫలితాలతో మక్కికి మక్కిగా సరిపోయాయి. ఆయన లేచి నిలబడి, "మేడమ్, మీ కొలత మా కొలత ఒకటే. ఇక మీరు పాస్ చేసిందాన్ని మేం మళ్ళీ చూడనక్కర్లేదు" అన్నాడు. గొడౌనులో ఉన్నవాళ్ళమందరం చప్పట్లు కొట్టాం. నేను ఆ సాయంత్రమే మార్కెట్‌లో ఆ నలుగురి దుకాణాలకూ వెళ్ళి, ఒక్కొక్కరి ముందూ నిలబడి, ఈ మాట గట్టిగా చెప్పి మరీ వచ్చాను.

కానీ ఆవిడ తప్పు ఆవిడ ఒప్పుకున్నారు. "నువ్వు అమ్మబోయే మిషన్ ఎలా ముస్తాబవుతుందో నేను అడగలేదు, అది నాదే లోపం" అన్నారు. అప్పటినుంచి ఆ ల్యాబ్‌లో ఒక కట్టడి. ఎవరొచ్చినా మొదటి మాట, "ముస్తాబు చేసిన మిషన్‌నే తీసుకురండి." మా ఇంట్లోనూ ఆచారం మారింది. హారతి ఉంది, కుంకుమ ఉంది. అయితే రంగు వేసేముందు ఫిల్టర్ కూర్చునే చోట సత్తిబాబు ఆడవాళ్ళు పెట్టుకునే పెద్ద బొట్టుబిళ్ళలు అంటిస్తాడు. రంగు ఆరాక పీకేస్తే ఆ మేర ఇనుము తెల్లగా బయటపడుతుంది. ఈ ఉపాయం మా అమ్మది. మేడమ్ గారు దాన్ని చూసి, చదువుకున్నన్నాళ్ళూ నాకివ్వని మార్కులు మా అమ్మకు వేశారు. జిల్లాలో ఇంకా కొన్ని షెడ్డులవాళ్ళు ఇప్పుడదే చేస్తున్నారు.

ఆ పెద్ద ఆర్డరు వచ్చింది. మా షెడ్డు రెండింతలైంది. ధవళేశ్వరం ల్యాబ్ మాటకు ఎదురులేకుండా పోయింది. దూరపు ఊళ్ళ నుంచి ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టెలూ, రైస్ కుక్కర్లూ ఆ పాత బియ్యం గొడౌనుకు వచ్చి వరసలో కూర్చున్నాయి. ఆ వైభవం కళ్ళారా చూశాకే ఆవిడ జబ్బుపడ్డారు. అదొక్కటే నాకు ఊరట.

ఆస్పత్రిలో ఆఖరి సాయంత్రం మేం దెబ్బలాడుకున్నది ఈ ల్యాబ్ గురించే. ఆవిడ ల్యాబ్‌ను లావణ్యకు అప్పజెప్పారు. ఆ పిల్ల మెతక మనిషని, జనం నెత్తికెక్కుతారని నేనన్నాను. ఎవరైనా పెద్ద ఇంజనీరును పెట్టమన్నాను. "పెద్ద ఇంజనీర్లు దొరుకుతారయ్యా. నా దిగులు అది కాదు. ఆ ల్యాబ్‌కి ఇప్పుడు అందరికంటే పెద్ద ఖాతాదారువి నువ్వు. అరిచే నోరు కూడా నీదే పెద్దది. నేను పోయాక నీ మిషన్‌ని ఫెయిల్ చేసే ధైర్యం అక్కడ ఒకరికి ఉండాలి. ఉంటే ల్యాబ్ ఉన్నట్టు. లేకపోతే నేను కట్టింది రేకుల కొట్టు" అన్నారు. నేను ఉక్రోషంతో, "నా మిషన్లు ఫెయిలవ్వవండి!" అన్నాను. "చూద్దాం" అన్నారు ఆవిడ. నేను విన్న చివరి మాట అదే.

పెద్దకర్మ అయ్యింది. ఊరు ఊరంతా వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులకు, అంటే నిన్న, మా కొత్త మిక్సీ ఫలితం కోసం ధవళేశ్వరం వెళ్ళాను. ముస్తాబు చేసి ఇచ్చిందే. హారతిచ్చి, కుంకుమ పెట్టి, బొట్టుబిళ్ళలు పీకి, అన్నీ సక్రమంగా చేసి ఇచ్చిందే. మేడమ్ గారి కుర్చీ ఖాళీగా ఉంది. లావణ్య దానిలో కూర్చోలేదు, పక్కనున్న తన స్టూలు మీదే కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఫెయిలండి, రత్నం గారూ" అంది.

నా నోరు ఊరుకుంటుందా? "ఏంటీ? ఫెయిలా? నేనెవరనుకుంటున్నావ్ నువ్వు?" అని గొడౌను దద్దరిల్లేలా అరిచాను. వరసలో ఉన్న వాళ్ళంతా తిరిగి చూశారు. ఆ పిల్ల కొలతల కాగితాన్ని గుండెలకు హత్తుకుంది. కానీ కళ్ళు దించలేదు.

"మీరెవరో తెలుసండి. అందుకే రెండుసార్లు కొలిచానండి. స్పీడు తగ్గించినప్పుడు హద్దు దాటుతోందండి. బాగుచేసి పట్టుకురండి" అంది.

నాకు ఒక్కసారి ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. "చూద్దాం" అన్న ఆ గొంతు వినపడింది. అరుస్తూ ఎత్తిన నా చేతులు ఎప్పుడు దణ్ణం పెట్టాయో నాకే తెలియదు. ఆ పిల్ల కంగారుపడి, "అయ్యో, అదేంటండీ!" అంది. నేను ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. బయటికెళ్ళి పూతరేకులు కొనుక్కొచ్చి ల్యాబ్‌లో ఉన్నవాళ్ళందరికీ నా చేత్తో పంచాను. లావణ్య కూడా తీసుకుంది, తృప్తిగా తింది. ఫలితం మాత్రం మార్చలేదు.

ఆవిడ వంటి ఆచార్యురాలు ఈ గోదావరి తీరాన మళ్ళీ పుడతారని నేననుకోను. ఆ కుర్చీ ఎవరు కూర్చున్నా ఖాళీగానే కనిపిస్తుంది నాకు. ఆ వెలితి తీరేది కాదు. నిన్న సాయంత్రం ఫెయిలైన మిక్సీని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే మా అమ్మ, "ఏరా, పాసయ్యిందా?" అని అడిగింది. ఫెయిలయ్యిందని చెప్పి, లోపలికి వెళ్ళి, గోడకున్న మేడమ్ గారి పటం ఎదురుగా ఆ మిక్సీని పెట్టి, క్లాసులో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మీ ల్యాబ్ పాసయ్యిందండి, మేడమ్ గారూ" అన్నాను.